చివరి అక్షరం మింగేసే పేర్లు

అది ఎనభై నాలుగు ఎండాకాలం. మా మనవడు త్యాగరాజు మద్రాసులో ఓ పెద్ద హోటల్లో వడ్డించే ఉద్యోగానికి వెళ్ళి, పరీక్షలో ఫ్రెంచి వైను పేర్లు తప్పుగా చదివాడు. అందరూ నవ్వారట. మేనేజరు మాత్రం, సోమవారానికి నేర్చుకుని రా, అదే ఆఖరు అన్నాడట. ఆదివారం పొద్దున్నే చీరాలలో మా వసారాలో వాడు కాగితం పట్టుకుని ఒకటే పచార్లు. సాయంత్రమే బండి.

మావారు లక్ష్మీనరసింహంగారు పౌరోహిత్యం చేసేవారు. "ఆ తాగుడు పేర్లు ఇంట్లో వల్లించకు," అని కసిరారు.

"పదరా, బయటే వల్లిద్దాం," అని నేనే చెప్పులు వేసుకున్నాను.

వాడరేవులో బుడాన్ అని ఒకడున్నాడు. పాండిచ్చేరిలో ఫ్రెంచి దొరల ఇంట్లో పాతికేళ్ళు బట్లరుగా చేసి వచ్చాడు. మేం వెళ్ళేసరికి ఎండుచేపలు తిరగేస్తున్నాడు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని సంగతి చెప్పాను.

"పేర్లన్నీ చెవిలో ఉన్నాయి అమ్మగారూ. పళ్ళు పోయినాయి, నోట్లోంచి గాలే వస్తది," అని నవ్వాడు. "మీరు పలకండి. సరిపోతే తొడ చరుస్తా."

"బోర్డియాక్స్," అన్నాడు త్యాగరాజు.

బుడాన్ చెవులు మూసుకున్నాడు. "చివరిది మింగెయ్యి బాబూ!"

"మింగేసేదాన్ని రాయడం దేనికి?"

"నన్నడుగుతావేం? వాళ్ళనడుగు."

గంట గడిచింది. తొడ చప్పుడు లేదు. వాడి మొహం పీక్కుపోయింది. నేను కాగితం లాక్కుని బొడ్లో దోపుకున్నాను.

"మీ తాత వేదం చెప్పేటప్పుడు పుస్తకం ముట్టనిస్తారట్రా? ఆయన ఒకసారి, పిల్లలు రెండుసార్లు. అంతేగా?"

బుడాన్ పెదాలు చూస్తూ అతని గాలిమాటకు నా మాట తొడిగాను. నాకు చదువు లేదు కాబట్టి అక్షరాలు అడ్డం రాలేదు. "బోర్దో." తొడ ఫట్‌మంది. "షాబ్లీ." మళ్ళీ ఫట్. "బోజొలే"కి నాలుగుసార్లు పట్టింది.

"అమ్మగారు దొరసాని అయిపోయారు!"

"నోర్ముయ్ బుడానూ, మావారు వింటే పంచగవ్యం తాగిస్తారు."

ఆపైన నేను ఒకసారి, త్యాగరాజు రెండుసార్లు. చివరికి బుడాన్ వాడికీ తొడ చరిచాడు. అయినా తిరుగు బస్సులో "బోజొలైస్" అన్నాడు. స్టేషన్లో బండి కదిలేదాకా కిటికీ పట్టుకుని చెప్పిస్తూనే ఉన్నాను. జనం మమ్మల్నే చూశారు.

వారానికి ఉత్తరం వస్తే మావారే చదివారు. మూడు పేర్లూ అడిగారట, మూడూ చెప్పాడట, ఉద్యోగం ఇచ్చారట. ఆరు నెలలు మాత్రం లోపల గ్లాసులు తుడవాలట.

"ఆరు నెలలు నోరు మూసుకుంటే మర్చిపోడూ?" అన్నాను. "వెంటనే కార్డు రాయండి. రోజూ స్నానం చేస్తూ ఒక్కోటి రెండుసార్లు అనుకోమనండి."

"ఆ పేర్లు నా చేత్తో రాయను."

"రాయకండి బాబూ. రాస్తే మళ్ళీ చదువుతాడు."