నింద మోసిన తుపాకి

నేను ఒక వేట తుపాకిని. ఆ మాట వినగానే వెనక్కి జరగకండి. నా ఆయుష్షులో పేలిన రోజుల కంటే గోడకు ఆనుకుని నిలబడ్డ రోజులే ఎక్కువ. మనుషుల్ని చూడటానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

పుట్టింది సముద్రాల అవతల, ఏడాదిలో సగం కాలం మబ్బు వదలని ఒక ఊళ్ళో. నా గొట్టం తొలిచినవాడు ఈల వేసుకుంటూ పని చేసేవాడు. అక్రోటు చెక్కతో నా వెనక కర్ర చెక్కినవాడు మాత్రం రోజంతా ఎవరినో తిడుతూనే ఉండేవాడు. ఈ ఇద్దరి గుణమూ నాకు వచ్చింది. ఓడెక్కి, రైలెక్కి, చివరికి ఎడ్లబండెక్కి తెలంగాణలో ఒక దొర ఇంటికి చేరాను. ఆ దొరకు వేట కంటే వేట ఫోటో ఇష్టం. పులిని ఎవరో కొట్టేవారు, చచ్చిన పులి మీద కాలు మాత్రం ఈయన మోపేవాడు. నా నోరు ఒక్క గుండూ దాటని ఆ రోజుల్లో కూడా నేను మహా వీరుడి భుజం మీదే ఉన్నాను, ఫోటోల్లో.

దొరతనం పోయాక లైసెన్సున్న చేతిని వెతుక్కుంటూ బోడగుట్టపల్లె కిష్టారెడ్డి దగ్గరికి వచ్చాను. ఆయన పోయాక కొడుకు ఇంద్రసేనారెడ్డి నన్ను అందుకున్నాడు. నా కథంతా నిజానికి ఈయనతోనే. పంటల మీద అడవిపందులు పడితే, అటవీశాఖ అనుమతి ఇచ్చి పిలిపించే వేటగాళ్ళలో ఈయన ఒకడు. మాట తక్కువ, గురి ఎక్కువ. తగులుతుందన్న నమ్మకం లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాడు కాదు. పంది పారిపోయినా ఫరవాలేదు, గాయంతో పడి తిరగకూడదు అనేవాడు. అలాంటివాడి చేతిలో ఉండటం నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

ఆయన భార్య భూదేవమ్మ. ఆ ఇంట్లో చీమ కదలాలన్నా ఆమెకు తెలిసే కదలాలి. మనసు మాత్రం వెన్న. ఒక ఏడాది ఆవకాయ బూజు పట్టింది. కారం తక్కువైందో, జాడీ సరిగా ఆరలేదో ఎవరికీ తెలియదు. తప్పు తన చేతిదేనని తేల్చుకుని ఆ ఏడాదంతా ఆమె పచ్చడి ముట్టలేదు. ఇంటిల్లిపాదీ పక్కింటి ఆవకాయ తెచ్చుకుని లొట్టలేస్తూ తింటుంటే, ఈమె మజ్జిగలో ఉప్పు కలుపుకుని తినేది.

మార్చి నెల చివర. మక్కచేలు కంకి మీద ఉన్నాయి. పందులు రాత్రంతా తిని, పగలు ఆ చేలలోనే పడుకుంటున్నాయని రైతులు మొర పెట్టుకున్నారు. మిట్టమధ్యాహ్నం డప్పులు కొట్టి పందుల్ని బయటికి తోలాలని, గట్టు మీద ఇంద్రసేనారెడ్డి కాచుకోవాలని అనుకున్నారు. అదే రోజు పొద్దున భూదేవమ్మ కందులకు ఆముదం రాసి, పశువుల కొట్టం రేకుల మీద ఎండబోస్తోంది. పురుగు పట్టకుండా ప్రతి ఏడూ చేసే పనే. కందులు అయ్యాక చేతికి ఇంకా ఆముదం మిగిలింది. బీరువాలో తూటాల పెట్టె కనిపించింది. పాపం, ఇవి కూడా చెమ్మకు పాడవుతాయి కదా అనుకుంది. ఒక్కోదాన్నీ పసిబిడ్డకు నూనె పట్టించినట్టు పట్టించి, కందుల పక్కనే రేకుల మీద పరిచింది. ఎండ బాగా ఎక్కాక బట్టతో తుడిచి, మళ్ళీ పెట్టెలో సర్దింది. ఇందులో చెప్పాల్సిన విషయం ఏముందని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయన వచ్చి ఆ పెట్టెలోవే బెల్టుకు గుచ్చుకుని బయల్దేరాడు. చేతికి జిడ్డుగా, వేడిగా తగిలినా, ఎండకు పట్టిన చెమట అనుకున్నాడు.

నాకు మాత్రం తూటా లోపలికి జారగానే ఏదో తేడా తెలిసింది. చెప్పడానికి నోరేది? ఉన్న ఒక్క నోరూ ముందుకు పేలడానికే తప్ప మాట్లాడటానికి పనికిరాదు.

మొదటి దెబ్బకు పెద్ద పంది పడింది. కాని తూటా వెనక గడియలా బిగుసుకునే నా బోల్టు పైకి లేవలేదు. ఎప్పుడూ రెండు వేళ్ళతో లేచేది, ఆ రోజు ఆయన అరచేత్తో గుద్దాల్సి వచ్చింది. అప్పుడే ఆగాల్సింది. కాని రెండో పంది డప్పుల వాళ్ళ వైపు మళ్ళింది, వాళ్ళలో ఒకడు కాలు జారి చాలులో పడ్డాడు. ఇంద్రసేనారెడ్డి ఇక ఆలోచించలేదు. రెండో తూటా పేలింది. పంది కూలింది. అదే క్షణంలో నా వెనక నుంచి మంటా పొగా చిమ్మి ఆయన కుడి కంటిని కొట్టాయి. ఆయన నన్ను కింద పడేసి కన్ను మూసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను నేల మీద పడేయడం అదే మొదలు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

రెప్ప కాలింది, కన్ను వెంట్రుకవాసిలో తప్పింది అన్నాడు డాక్టరు. భూదేవమ్మ అన్నం మానేసింది. ఒకటే ప్రశ్న పట్టుకుంది.

"గింత కాలం మంచిగ పేలింది గదా! గిప్పుడేమైందని? కారణం తెలిసేదాక నాకు బువ్వ దిగది."

కారణం తెలుసుకోవడానికి ఆయన నన్ను సంచీలో చుట్టి, వరంగల్లులో తుపాకులు బాగుచేసే జహీరుద్దీన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ నా ఒళ్ళు ఎరిగిన దుకాణం అది. జహీర్ ఆ రోజు పేలిన రెండు ఖాళీ తూటాల్ని బల్ల మీద బోర్లించి అద్దం పెట్టి చూశాడు. తూటా అడుగున మధ్యలో చిన్న బిళ్ళ ఉంటుంది, దాన్ని టోపీ అంటారు. నా పిన్ను వెళ్ళి దాన్ని పొడిస్తేనే మందు అంటుకుంటుంది. ఆ పొడిచిన గుంట చుట్టూ బావికి గట్టు కట్టినట్టు అంచు లేచి ఉంది.

"అయ్యో రెడ్డి సాబ్, గట్టు లేసింది. లోపల మందు జోరు ఎక్కువైంది. గొట్టంల ఏమన్నా అడ్డం పడ్డదేమో" అన్నాడు జహీర్. దీపం పెట్టి చూస్తే నా గొట్టం అద్దంలా ఉంది. ఆయన అంచనా తప్పింది. బుర్ర గోక్కున్నాడు.

ఇంద్రసేనారెడ్డి సంచి అడుగున పాత ఖాళీ తూటాలు కొన్ని ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి చూశారు. వాటి మీదా గట్టు ఉంది! జహీర్‌కు అప్పుడు నవ్వొచ్చింది. నా పిన్ను బయటికి వచ్చే రంధ్రం అరిగి వదులైంది. మెత్తటి టోపీ ఆ సందులోకి కాస్త పొంగి గట్టు కడుతోంది. అది నా ముసలితనం, నిజమే. పళ్ళ సందులు పెరిగినట్టు నాకు ఆ సందు పెరిగింది. నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు గాని, దాంతో ఎవరికీ ప్రమాదం లేదు.

"ఒక్క గట్టు చూసి ఫైసలా చేయొద్దు సాబ్. ఒళ్ళు వెచ్చగున్నదని టైఫాయిడ్ అంటమా? నాలుక చూడాలె, కండ్లు చూడాలె" అన్నాడు జహీర్.

అలాగే చూశాడు. పాతవాటి టోపీ అంచులు గుండ్రంగా ఉన్నాయి. కొత్తవాటివి రొట్టె వత్తినట్టు చదునై పోయాయి. ఒకదానికి గుంట మధ్యలో సూదిమొనంత చిల్లు పడింది, దాని చుట్టూ మసి. పైగా ఆ రోజు బోల్టు బిగుసుకుంది. గట్టు నాది, మిగతావన్నీ తూటాలవి. తన దగ్గరున్న చల్లటి, పొడి తూటాలు తీసి, నన్ను దిమ్మెకు బిగించి, దూరం నుంచి తాడుతో లాగి పేల్చాడు. గట్టు పడింది. అంచులు గుండ్రంగానే ఉన్నాయి. బోల్టు రెండు వేళ్ళకే లేచింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు జహీర్ బెల్టులో మిగిలిన తూటా ఒకటి తీసి వేళ్ళతో రాసి చూశాడు.

"జిడ్డున్నదేంది సాబ్? పేలంగనే తూటా ఇత్తడి ఉబ్బి గొట్టం గోడను పట్టుకోవాలె. జిడ్డుంటే జారి, దెబ్బంత బోల్టు మీద పడ్తది. ఎండల గూడ పెట్టిండ్రా? మందు కాగితే ఇంక జోరు."

ఇంద్రసేనారెడ్డి తూటాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆముదం. ఒక్క ఊపిరిలో ఆయనకు కొట్టం రేకులూ, కందులూ, మిగిలిన ఆముదంతో కూర్చున్న భార్య చేతులూ కనిపించి ఉంటాయి. కట్టు కింద కన్ను తుడుచుకుని,

"జహీర్ భాయ్, ఈ ముచ్చట ఈడనే ఉండాలె" అన్నాడు.

"పిన్ను రంధ్రం పూడ్చి కొత్తగ తొలుస్త. ఇంకో ఇరవై ఏండ్లు ఢోకా లేదు. తీస్కపోండ్రి."

"తుపాకి మంచిగున్నదని ఇంటికి తీస్కపోతే, మరి తప్పు దేనిదంటది. తూటాలదంటే, తూటాలు ముట్టిందెవరో ఆమెకు తెల్వదా? ఆవకాయకే ఏడాది శిక్ష ఏసుకున్నది. ఇది నా కన్ను. సచ్చేదాక బువ్వ తినది."

జహీర్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

ఇంటికి వచ్చాక ఆయన వాకిట్లో, అందరూ వినేటట్టు, బందూకు ముసలిదైందనీ, లోపల అరిగిపోయిందనీ, ఇక పనికిరాదనీ చెప్పాడు. భూదేవమ్మ పెద్ద ఊపిరి వదిలింది. ఆ వెంటనే నా మీద పడింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే దొంగముండ! పండుగ పండుగకు పసుపు కుంకుమ పెట్టిన గదనే నీకు! నా మొగని కన్ను తియ్యబోతవా?" వీధి వీధంతా విన్నది. తిడుతూనే లోపలికి వెళ్ళి, ఎన్ని పూటల తరవాతనో, కంచం పెట్టుకుని కూర్చుంది. గోడ పక్కన నిలబడి ఆమె అన్నం కలిపిన చప్పుడు విన్నాను. ఆయన ఎవరూ చూడకుండా వచ్చి నా కర్ర మీద చెయ్యి వేశాడు.

"ఏమనుకోకే" అన్నాడు. అంతే అన్నాడు.

నన్ను అప్పగించి, లైసెన్సు వదులుకున్నాడు. దాంతో ఆయన వేట కూడా అయిపోయింది. ఆ నష్టం గురించి ఆయన ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. పందుల పని పక్క ఊరి కుర్రాడెవరో చూసుకుంటున్నాడట. నా పిన్ను తీసేసి, నన్ను జింకల పార్కులో అటవీశాఖ వాళ్ళు పెట్టిన చిన్న ప్రదర్శనశాలలో అద్దాల వెనక నిలబెట్టారు. కింద ఒక కార్డు: 'ప్రమాదకరంగా మారినందున తొలగించిన తుపాకి.' మనిషి తప్పు చేస్తే పొరపాటు, వస్తువు చేస్తే ద్రోహం. సరే, కానివ్వండి.

మొన్న ఆ ఇద్దరూ వచ్చారు. ఆమె కార్డు కూడబలుక్కుని చదివి, అద్దంలోంచి నన్ను కోపంగా చూసింది.

"ఇదే గదా ఆ పాపిష్టిది!"

ఆయన ఉండబట్టలేకపోయాడు. "పోనీలే. దానిదేం తప్పు లేదు."

"సూడుండ్రి! కన్ను తియ్యబోయినా ఇంకా దాన్నే ఎనకేసుకొస్తరు!"

ఆయన నవ్వాడు. నవ్వితే ఆ కుడికంట్లో నీళ్ళు కారతాయి, కాలిన రెప్ప సరిగా మూసుకోదు. భూదేవమ్మ నన్ను తిట్టడం ఆపకుండానే కొంగు చివర తీసి, ఆ కన్ను మెల్లగా అద్దింది. ఆ కంటితోనే ఆయన నన్ను చూశాడు. ఆ కన్ను చల్లగా ఉండాలి, ఆ తల్లి కడుపు నిండా తినాలి. నేను మాట పడితే పడ్డానులే.