వడ్ల కింది తెల్లగీత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అనేవాళ్లు ఒక్కరోజు నా పని చేసి చూస్తే తెలుస్తుంది. కరీంనగర్ బైపాస్ పక్కన మా షెడ్డు. పెద్ద కార్లకు ముందద్దం మార్చినా, బంపరు విప్పి బిగించినా, ఆ కార్ల చూపు సరిచేసి పంపడం నా పని. ఈ కాలపు ఖరీదైన కార్లకు లోపలి అద్దం వెనక చిన్న కెమెరా ఉంటుంది. అది రోడ్డు మీది గీతలు చూస్తుంది, ముందు బండి దగ్గరైతే హెచ్చరిస్తుంది, మనం ఏమరుపాటుగా ఉంటే తనే బ్రేకు వేస్తుంది. అద్దం మారిందంటే మాత్రం, కొత్త కళ్లజోడు పెట్టుకుని మెట్లు దిగే మనిషిలా తడబడుతుంది. ఏది తిన్ననో, ఏది వంకరో మళ్లీ నేర్పాలి. ఆ నేర్పేది నేను, స్వరూపను. ఎంత విసుక్కున్నా ఈ పనంటే నాకు ప్రాణం.

ఆ రోజు షెడ్డులో ఉన్న జర్మనీ కారు సక్కుబాయిది. ఆదిలాబాద్‌లో ఆవిడకు పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మిల్లు చప్పుడులో మాట్లాడి మాట్లాడి గొంతు ఎలా తయారైందంటే, పక్కన కూర్చుని రహస్యం చెప్పినా అవతలి వీధికి వినిపిస్తుంది.

"మేడమ్, కూర్చోండి" అన్నాను.

"మేడమ్ ఎవలే? బాయి అను. మా ఊర్ల అందరు గట్లనే అంటరు" అని కుర్చీ లాక్కుని, నేను పనిచేసే చోటే కూర్చుంది.

లారీ చక్రం కింది నుంచి ఎగిరిన రాయి ఆవిడ కారు అద్దం పగలగొట్టింది. ఆవిడ తప్పు రవ్వంత కూడా లేదు. అయినా కొడుకు ప్రేమ్‌సాగర్‌కు ఎప్పటి నుంచో వెతుకుతున్న సాకు దొరికినట్టయింది. ఈ వయసులో నువ్వు కారు నడపడమేమిటని పట్టుబట్టాడట. తల్లీకొడుకులిద్దరూ పోట్లాడుకుని చివరికి ఒక మాట మీదకు వచ్చారు. ఈ సాయంత్రానికి కెమెరా సరై, హెచ్చరిక లైటు ఆరితే సక్కుబాయే నడుపుకుంటూ ఇంటికి రావచ్చు. ఆరకపోతే ఇక స్టీరింగు ముట్టుకోకూడదు. ఆరదనే నమ్మకంతో కాబోలు, మిల్లు లారీ నడిపే లక్ష్మణ్‌ను కొడుకు ముందే బస్సెక్కించి పంపాడు. అతను చేతి సంచి ఒళ్లో పెట్టుకుని షెడ్డు మూలన పెళ్లికొచ్చిన చుట్టంలా కూర్చున్నాడు.

"స్టీరింగు పోతే పోనీ బాయి. వెనక హాయిగా కూర్చోవచ్చు కదా" అన్నాను, కెమెరాకు చూపించే గళ్ల బోర్డు కారు ముందు నిలబెడుతూ.

అంతే, ఆవిడ మొహం మారిపోయింది.

"మా ఆయన ఉన్నన్ని రోజులు ఎడమ దిక్కే కూసున్న బిడ్డా. ఆయన పోయినంక, యాభై ఏండ్లకు నేర్చుకున్న. ఏ ఊర్ల పత్తి మంచిగున్నదో నేనే పోయి చేత్తోని ముట్టి చూస్త. గా స్టీరింగు గుంజుకుంటే, నన్ను ఇంట్ల కూసోబెట్టినట్టే."

ఆ లైటు ఆర్పకుండా ఈ మనిషిని పంపకూడదని అప్పుడే అనుకున్నాను.

షెడ్డులో చేయాల్సిన పాఠం ఇబ్బంది లేకుండా ముగిసింది. మిగిలింది రోడ్డు మీది పాఠం. రెండు పక్కలా తెల్లగీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద, ఒకే వేగంతో, కొంతసేపు నడపాలి. కెమెరా ఆ గీతలు చూస్తూ నేర్చుకుంటుంది, నా చేతిలోని ట్యాబ్‌లో ఎంత నేర్చిందో అంకె పెరుగుతుంది. గీత మాయమైతే అంకె ఆగుతుంది. మానకొండూరు దాటాక, హుజూరాబాద్ వైపు కొత్తగా గీతలు వేసిన రోడ్డు ఉంది. నా చేతిలో ట్యాబ్ ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు నడపాలి. రోజూ నడిపే మా ఓంప్రకాశ్ పెళ్లికి పోయాడు. నేను లక్ష్మణ్ వైపు చూశాను.

"ఆని చేతిల తాళం పెట్టినవా, మళ్ల నా చేతికి రాదు" అని సక్కుబాయి ఎడం చేత్తో కొంగు సర్దుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. లక్ష్మణ్ వెనక ఎక్కాడు.

మానకొండూరు దాటి మలుపు తిరిగామో లేదో, ఆపమని అరిచాను. రోడ్డు సగం కనిపించడం లేదు. కనుచూపు మేరా వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాహనాలు ఎక్కకుండా అంచు పొడవునా రాళ్లు పేర్చారు. ఎడమవైపు తెల్లగీత పూర్తిగా వడ్ల కింద ఉంది. ట్యాబ్‌లో అంకె పదకొండు దగ్గర ఆగి, ఇక కదలనని కూర్చుంది.

కోతల కాలమని నాకు తట్టనే లేదు. నేను పుట్టింది గోదావరిఖనిలో, బొగ్గుగని క్వార్టర్లలో. మా బాపు షిఫ్టు సైరన్‌కు లేచి షిఫ్టు సైరన్‌కు పడుకున్న మనిషి. మాకు ఏడాది పొడవునా ఒకటే కాలం, షిఫ్టు కాలం. కరీంనగర్ చుట్టూ ఈ నెలలో ఏ రోడ్డు చూసినా వడ్లే ఉంటాయని పొలం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లనడిగినా చెప్పేది. తప్పు నాదే కాబట్టి కోపం రెట్టింపైంది. కారు దిగి, గొడుగు కింద కూర్చున్న ముసలావిడ మీదకు వెళ్లాను.

"ఏందవ్వా గిది? రోడ్డు మీద వడ్లు పోస్తరా ఎవలన్న?"

"రోడ్డు మీద గాకపోతే నీ నెత్తి మీద పోయాల్నా?" అంది ఆవిడ, కూర్చున్న చోటి నుంచి కదలకుండా. పేరు శంకరవ్వ అని తర్వాత తెలిసింది.

"జర పక్కకు జరుపుండ్రి. గా తెల్లగీత కనపడాలె."

"ఎవలికి కనపడాలె?"

"కారుకు."

శంకరవ్వ కారు వైపు చూసింది, నా వైపు చూసింది. "కారుకు గీత గావాల్నా? బడికి పోతున్నదా ఏంది?" అంది. పక్క వడ్ల దగ్గరివాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు కోపం నషాళానికంటింది.

ఇంతలో సక్కుబాయి దిగింది. నా వైపు చూడనైనా చూడకుండా వడ్ల పక్కన గొంతుక్కూర్చుని గుప్పెడు తీసి చూసింది.

"ఇంక తడి ఉన్నదా?"

"జర ఉన్నది. రేపు సెంటర్ల కాంట పెట్టి కొంటరట. ఇయ్యాల ఎండకుంటే మళ్ల ఎనక్కి పంపుతరు."

"మా పత్తి గూడ గంతే. తడి ఉన్నదంటే ఎవలు ముట్టరు."

ఇద్దరూ చిన్ననాటి స్నేహితురాళ్లలా కబుర్లలో పడ్డారు. నేను పక్కన నిలబడి ఉడికిపోతున్నాను. కాసేపటికి సక్కుబాయి లేచి, "నడువు బిడ్డా. వాళ్ల వడ్లు ఎండనీ. ఇంకో రోడ్డు చూద్దాం" అంది.

"ఇంకో రోడ్డు లేదు బాయి. ఉన్నవాటి మీద గీతలు అరిగిపోయినయ్. అరగని దాని మీద వడ్లే ఉంటయ్."

ఆవిడ స్టీరింగు వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. కొడుకుతో మాట అన్నాక మాటే, తప్పే మనిషి కాదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే గాలి లేచింది. హుజూరాబాద్ దిక్కున మొగులు నల్లబడి వేగంగా ఇటే వస్తోంది. "ఆన! ఆన!" అని అరుపులు మొదలయ్యాయి. రోడ్డు పొడవునా జనం చెక్కపలకలు, చీపుర్లు పట్టుకుని పరుగులు తీశారు. శంకరవ్వ ఒక్కతే ఉంది. ఇంటివాళ్లు వడ్లకు కప్పే పరదాలు ఇంకొన్ని తేవడానికి ట్రాక్టర్ మీద వెళ్లారట. ఆ ముసలి చేతులు వడ్లను ఎంత నెట్టినా మూర దూరం కూడా కదలడం లేదు.

"లక్ష్మణ్, దిగు!" అని అరిచి, సక్కుబాయి కొంగు నడుముకు చుట్టి వడ్లలోకి దిగింది. వాన పడితే ఈ రోజుకు నా పని ముగిసినట్టే, తడి రోడ్డు తళతళలాడితే కెమెరాకు గీత అందదు. అదే దిగులుతో ట్యాబ్ పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాను. తర్వాత దాన్ని సీటు మీదకు విసిరేసి నేనూ దిగాను. పలకలతో నెట్టాం, చేతులతో తోశాం, గీతకు అవతల రోడ్డంచున కుప్ప చేశాం. లక్ష్మణ్ ఒక్కడే నలుగురి పని చేశాడు. కుప్పకు కప్పడానికి ఉన్న పరదా సగానికే వచ్చింది. సక్కుబాయి డిక్కీ తెరిచి, కారుకు కప్పే మెత్తటి అస్తరు కవరు లాగింది.

"బాయి, అది మళ్లీ దొరకాలంటే నెలలు పడుతుంది" అన్నాను.

"కారు తడుస్తే తుడుచుకోవచ్చు. పట్టుకో గా కొస."

కవరు కప్పి రాళ్లు పెట్టామో లేదో, చినుకులు పెద్దవయ్యాయి. నలుగురం కారులోకి దూరాం. ఒళ్లంతా వడ్ల నుసి, కాళ్లకు మట్టి. శంకరవ్వ తోలు సీటు మీద భయంభయంగా అంచున కూర్చుంది. సక్కుబాయి నవ్వుతూ ఏదో మీట నొక్కింది. శంకరవ్వ ఎగిరిపడింది.

"అయ్యో, కింది నుంచి చల్ల గాలొస్తున్నదే!"

లక్ష్మణ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. పొద్దున్నుంచి నాలో ఉడుకుతున్న కోపమంతా ఆ నవ్వుతో పోయింది.

వాన ఎంత హడావుడిగా వచ్చిందో అంత హడావుడిగా పోయింది. ఎండ మళ్లీ విరగకాసింది. కాలిన తారు మీద నీళ్లు ఆవిరై లేచాయి, చూస్తుండగానే రోడ్డు ఆరిపోయింది. తలుపు తీసి దిగినదాన్ని అక్కడే ఆగిపోయాను. రోడ్డు మీద ఒక్క గింజ లేదు. అందరి వడ్లూ అంచున కుప్పలుగా ఉన్నాయి. దుమ్ము కొట్టుకుపోయి, రెండు పక్కలా తెల్లగీతలు సున్నం వేసినట్టు మెరుస్తున్నాయి.

"బాయి! గీత!" అని అరిచాను.

కానీ అవతల అప్పుడే పరదాలు తీస్తున్నారు. పొద్దు వాలేలోపు దొరికే ఎండ వాళ్లకు ప్రాణంతో సమానం. అడగడానికి నాకు నోరు రాలేదు. నేను అడగక్కర్లేకుండానే శంకరవ్వ రోడ్డు నడుమకు పోయి చెయ్యెత్తి కేకేసింది.

"ఎవలు పోయకుండ్రి! జరసేపు ఆగుండ్రి! ఈ బిడ్డ కారు గీత చూస్తదట!"

ఎవరో గొణిగారు, ఎవరో నవ్వారు, ఒకాయన పలక నేలకేసి కొట్టాడు. అయినా అందరూ ఆగారు. సక్కుబాయి కారు కదిలించింది. అంత పెద్ద గొంతు మనిషి, ఊపిరి కూడా బిగబట్టి నడిపింది. స్పీడు ముల్లు కదలకుండా అదే వేగం. అంకె పదకొండు నుంచి కదిలింది. ఇరవై, నలభై. అటు వెళ్లి తిరిగొస్తుంటే, రోడ్డు పొడవునా జనం పలకలు పట్టుకుని ఊరేగింపు చూస్తున్నట్టు నిలబడ్డారు. పిల్లలు చేతులూపారు. డెబ్బై, తొంభై. తొంభై ఎనిమిది దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఆకుపచ్చ టిక్కు వచ్చింది. స్టీరింగు వెనక పసుపు లైటు ఆరిపోయింది.

నేను వేసిన కేకకు లక్ష్మణ్ సీట్లోంచి లేచి తల పైకప్పుకు కొట్టుకున్నాడు.

సక్కుబాయి కారు శంకరవ్వ కుప్ప దగ్గరికి తెచ్చి ఆపి, కొడుకుకు వీడియో కాల్ చేసి లైటు లేని చోటు చూపించింది.

"లక్ష్మణ్ ఏడున్నడు ఆయీ?" అని తల్లిని అడిగాడు ప్రేమ్‌సాగర్.

లక్ష్మణ్ ముందుకు వంగి మొహం చూపించాడు. "ఎనక సీట్ల ఉన్న భయ్యా. నా జిందగీల గిట్ల ఎనక కూసోలే. మస్తున్నది. ఆదిలాబాద్ దాంక బాయే తోల్తది."

ప్రేమ్‌సాగర్ ఓడిపోయినట్టు నవ్వాడు. "సరే ఆయీ. మెల్లగ రా" అన్నాడు. ఫోన్ పెట్టాక సక్కుబాయి రెండు చేతులూ స్టీరింగు మీద ఆనించి, కళ్లు తుడుచుకుంది.

"పోదామా బాయి?" అన్నాను.

"ఏడికి? ముందు దిగు."

దిగాం. కుప్ప మీది కవరు తీసి, మళ్లీ వానొస్తే పనికొస్తుంది, ఉంచుకొమ్మని సక్కుబాయి శంకరవ్వ చేతిలో పెట్టింది. నలుగురం కలిసి వడ్లను మళ్లీ రోడ్డు మీదకు లాగాం. పొద్దంతా ఏ గీత కోసం కొట్లాడానో, ఆ గీత మీదనే నా చేతులతో పలచగా, ఎండ బాగా తగిలేటట్టు వడ్లు పరిచాను. అది పూర్తిగా కనపడకుండా పోయేదాకా పరిచాను.