క్లైమాక్సుకు ముందే బస్సు

మైపాడు సెంటర్లో పెంచల్ టీ అంగడి బల్ల మీద కూర్చుని దరియావలి సినిమాల మీద తీర్పులు చెబుతుంటే, ఈ పెద్దమనిషి జన్మలో ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదన్న సంగతి వినేవాళ్ళకు గుర్తుండేది కాదు. గుర్తున్నవాళ్ళు మూతి పక్కకు తిప్పుకుని నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, అతను మాత్రం తగ్గేరకం కాదు.

తప్పు అతనిది కాదు లెండి, బస్సుది. వయసులో ఉన్నప్పుడు అతను నెల్లూరులో ఒక పరుపుల కొట్లో దూది కూరి పరుపులు కుట్టేవాడు. సాయంత్రం కొట్టు మూశాక దొరికేది ఫస్ట్ షో ఒక్కటే. మైపాడుకు చివరి బస్సేమో రాత్రికి ఊళ్ళోనే నిలబడిపోయే నైట్ హాల్టు బస్సు. ఆ డ్రైవరు తన కన్నతల్లి కోసమైనా ఒక్క నిమిషం ఆగడు. సినిమా సరిగ్గా ముడిపడే వేళకే ఆ బస్సు బయల్దేరేది. అందుకని మైపాడు జనం ఏ హాల్లోనైనా తలుపు దగ్గర వరస చివరి కుర్చీలే పట్టుకునేవాళ్ళు. హీరోను స్తంభానికి కట్టేయగానో, హీరోయిన్ విషం సీసా ఎత్తగానో, అందరూ ఒక్కసారిగా లేచి చెప్పులు వెతుక్కునేవాళ్ళు. "మైపాడోళ్ళు లేచినారంటే క్లైమాక్సు వచ్చేసినట్టే" అని నెల్లూరు వాళ్ళు సర్దుకుని కూర్చునేవాళ్ళట.

ఇక బస్సులో అసలు ఆట మొదలయ్యేది. మిగిలిన కథ ఏమై ఉంటుందో తలా ఒకటి చెప్పేవాళ్ళు, అరుచుకునేవాళ్ళు, అలిగేవాళ్ళు. ఇందుకూరుపేట దాటేలోపు ముగింపు తేలిపోవాలి. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ ముగింపే ఊరికి ఖాయం. ఆ గొంతు సాధారణంగా దరియావలిదే. మర్నాడు బస్సెక్కనివాళ్ళు కూడా దాన్నే సినిమా అనుకునేవాళ్ళు.

అట్లా అతనికి సొంత సిద్ధాంతాలు ఏర్పడిపోయాయి. "కామెడీకి క్లైమాక్సు దండగబ్బా" అనేవాడు. "అందరూ ఒక గోడౌన్లోకి దూరి పిండి చల్లుకుంటారు, పోలీసులొస్తారు, వరసగా నిలబడి ఫోటో దిగుతారు. దానికి నువ్వుండాల్సిన పనేముండాది?" హత్య సినిమాలంటే మరీ సులువు. "కథలో పనిలేకుండా ఒక పెద్ద నటుడు మాటిమాటికీ వచ్చి కాఫీ తాగిపోతాంటాడు చూడు, వాడే హంతకుడు. ఊరికే అంత డబ్బిచ్చి తెచ్చుకుంటారా?" పాతకాలం దర్శకులకు నవ్వించడం వచ్చునని, ఇప్పటివాళ్ళకు అరవడమొక్కటే వచ్చునని కూడా అనేవాడు. ఏడుపు సినిమాల దగ్గరికొచ్చేసరికి మాత్రం కాస్త నెమ్మదించేవాడు. "అవి చెప్పలేం. మనుషుల సంగతి గదా, ఎటైనా పోవచ్చు."

ఆ శుక్రవారం పొద్దున పెంచల్ టీ గ్లాసు చేతికిస్తూ, "అన్నా, నువ్వు చెప్తావే ఆ పడవ సినిమా, నిన్న ఫోన్లో చూసినా" అన్నాడు. "ఏం సినిమా అన్నా! కానీ చివర్న నువ్వు చెప్పినట్టు యాడుండాది? ఆ పిల్ల..."

"చెప్పొద్దు!"

అంత గట్టిగా అరిచేసరికి గ్లాసులో టీ లుంగీ మీద ఒలికింది. పెంచల్ బిత్తరపోయాడు.

"ఏందన్నా, ముప్పై ఏళ్ళనాటి సినిమాకు ఇంత రచ్చ?"

"చెప్పొద్దంటే చెప్పొద్దు. నోర్మూసుకుని ఆ పాలు చూడు, పొంగిపోతాండాయి."

టీ సగం వదిలేసి లేచాడు దరియావలి. ఎందుకంటే ఇంట్లో కొత్త టీవీ ఉంది. కోట అనే ఊళ్ళో కాపురముంటున్న కూతురు గుల్నాజ్ పోయిన వారమే పంపించింది. రిమోటు నోటి దగ్గర పెట్టుకుని పేరు చెబితే చాలు, పాతాళంలో ఉన్న సినిమా కూడా వచ్చి కూర్చుంటుంది. భార్య మెహబూబీ వారమంతా పాత కామెడీలు పెట్టించుకుని కడుపుబ్బ నవ్వింది. నిన్న రాత్రి పడుకోబోతూ, "రేపు ఆ పడవ సినిమా పెట్టుకుందాం" అంది. అతను నిద్రపోయినట్టు నటించాడు.

ఆ పడవ సినిమా ముగింపు మీదే తన కాపురం నిలబడి ఉందని దరియావలి నమ్మకం. నవ్వులాట కాదు, నిజంగానే.

పెళ్ళయిన కొత్తల్లో, గుల్నాజ్ చంటిపిల్లగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం మెహబూబీ పుట్టిల్లు ఉన్న కోట నుంచి లారీ డ్రైవరొకడు పరుపుల కొట్టుకు వచ్చి, మామకు సీరియస్‌గా ఉందని, కూతుర్ని వెంటనే తీసుకురమ్మన్నారని చెప్పిపోయాడు. అప్పుడే బస్సెక్కి ఉంటే ఇంటికెళ్ళి, పిల్లను చంకనేసుకున్న భార్యతో తిరిగి నెల్లూరు వచ్చి, కోట బస్సు అందుకునేవాడే. కానీ ఆ రోజు కొత్త కామెడీ విడుదల. రాత్రి చెప్పొచ్చులే, తెల్లారి మొదటి బస్సుకు పోదాంలే అనుకున్నాడు. నవ్వీ నవ్వీ, క్లైమాక్సుకు ముందు లేచి, నైట్ హాల్టు బస్సులో ఇంటికొచ్చి చెప్పాడు. తెల్లవారి వాళ్ళు కోట చేరేసరికి మామ పోయి ఉన్నాడు, జనాజా సిద్ధం చేసి, ఆమె కోసమే ఆపి ఉంచారు.

కబురు ఎన్ని గంటలకు అందిందో ఆ లారీవాడి నోటే ఆమెకు తెలిసింది. ఒక్క మాట అనలేదు. మైపాడుకు తిరిగి రాలేదు, అంతే.

నెలలు గడిచాయి. ఒకరోజు దరియావలి కోట వెళ్ళాడు. బావమరిది వసారా దాటనివ్వలేదు. క్షమించమని అడగడానికి నోరు పెగల్లేదు ఆ మొండిఘటానికి. ముందురోజు చూసిన సినిమా కథ చెప్పడం మొదలుపెట్టాడు! తిక్క మనిషి కాకపోతే ఎవరైనా అట్లా చేస్తారా? తలుపు వెనక ఆమె నిలబడి వింటోందని గాజుల చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. ఆ సినిమాలో మొగుడు నోటి దురుసు మనిషి. పదిమంది బంతిలో పెళ్ళాం వడ్డించిన విస్తరిని కాలితో తోసేస్తాడు. ఆ పిల్ల ఏరు దాటి పుట్టింటికి వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకు వాడు రేవు దగ్గరికొస్తాడు. ఏరు దాటే ముఖం లేక పడవవాడితో కబురంపి, ఒడ్డున నిలబడతాడు. పొద్దుగుంకుతుంది. ఆఖరి పడవ ఇటు వస్తూ కనిపిస్తుంది...

సరిగ్గా అక్కడే మైపాడు వాళ్ళు లేచారు.

"పడవ ఆగింది" అని చెప్పాడు దరియావలి ఆ తలుపుకు. "ఆ పిల్ల దిగింది. దిగి, వాణ్ణి చూసి, అన్నం తిన్నావా అనింది."

మర్నాడు పొద్దున్నే మెహబూబీ పిల్లను చంకనేసుకుని, సంచీ సర్దుకుని బయటికొచ్చింది. బస్సులో ఒక్కటే మాట అంది: "ఆ పిల్ల పడవెక్కి మంచిపని చేసింది." ఆ మాట దరియావలి గుండెలో మేకులాగా దిగిపోయింది. ఆ పిల్ల నిజంగా పడవెక్కిందో లేదో అతనికి తెలియదు మరి. ఆ తర్వాత ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా అతను ఛానలు మార్చేసి వీధిలోకి నడిచేవాడు. అసలు ఏ సినిమా అయినా అంతే, ముడిపడే వేళకు కాళ్ళు ఆగవు. ఏళ్ళ తరబడి బస్సు నేర్పిన అలవాటు అది.

మధ్యాహ్నం నమాజు ముగించుకుని ఇంటికొచ్చేసరికి మెహబూబీ చాప పరుచుకుని, చేటలో ఎండ్రొయ్యలు పోసుకుని తలలు తుంచుతోంది. రిమోటు పక్కనే ఉంది.

"నెట్టు లేదంట ఊళ్ళో" అన్నాడు గుమ్మంలోంచే.

"ఉండాది. ఇప్పుడే గుల్నాజ్‌తో వీడియోలో మాట్లాడినా."

"కరెంటు తీస్తారంట."

"తీసినప్పుడు చూద్దాం. వచ్చి కూర్చో."

"అది ఏడుపుగొట్టు సినిమామ్మే. శుక్రవారం పూట ఏడుపెందుకు? ఆ కవలపిల్లల కామెడీ పెట్టుకుందాం. మామిడితోటలో పరుగులు పెడతారే, అది!"

"అది నిన్న చూసినాం గదా. ఏందయ్యా నీకు, కాలు గాలిన పిల్లి మాదిరి తిరగతాండావు?"

సినిమా మొదలైంది. దరియావలి దిండు గలీబు ఒకటి ముందేసుకుని సూది పట్టాడు. నలభై ఏళ్ళుగా పరుపులు కుట్టినవాడు నాలుగు కుట్లు వేసేలోపు రెండుసార్లు వేలు పొడుచుకున్నాడు. నోరు ఊరుకుంటేనా? "చూడు, వెలుతురు ఎంత బాగా పట్టినాడో పాతోడు. ఇప్పుడోళ్ళకి చీకటొక్కటే తెలుసు" అన్నాడు. "ఈ అత్త పాత్రకి ఇంకొకామెను పెట్టాల్సింది" అన్నాడు. "ఈ పాట దండగ" అన్నాడు. లేచి నీళ్ళు తాగాడు. ఫ్యాను పెంచాడు, తగ్గించాడు. వీధి తలుపు తీసి, ఎవరూ రాకపోతే, తిట్టుకుని మూశాడు. మెహబూబీ రొయ్యలు తుంచుతూ తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

విస్తరి తోసే ఘట్టం వచ్చింది. అతను తల దించుకున్నాడు. ఆ పిల్ల ఏరు దాటింది. మొగుడు రేవుకొచ్చాడు. తెర మీద పొద్దు ఎర్రగా వాలింది. ఇంతకాలం తాను చెప్పుకొచ్చిన పడవ అప్పుడు నిజంగానే దూరంగా కనబడింది. దరియావలి కాళ్ళలో జివ్వుమంది. "పెంచల్ దగ్గరికి పోయొస్తా" అంటూ లేచి గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఆ పడవలో ఎవరూ లేకపోతే? ఈ మనిషి అబద్ధం చెప్పి నన్ను ఇంటికి తెచ్చుకున్నాడని ఈమె అనుకుంటే? ముప్పై ఏళ్ళ కాపురంలో అబద్ధమేదో నిజమేదో ఇప్పుడు లెక్క తీస్తే తన దగ్గర ఏం మిగులుతుంది? భయమేసింది. సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా భయమేసింది.

టక్కున తెర నల్లబడింది.

కరెంటు పోయిందనుకున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మెహబూబీ చేతిలో రిమోటు ఉంది.

"బస్సు టైమైంది గదా" అంది ఆమె. "మైపాడోళ్ళు లేచేసినారు."

దరియావలి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను చూసేసినాలే. పోయిన రంజానుకు గుల్నాజ్ ఇంట్లో" అంది, చేటను పక్కకు జరుపుతూ. "అయినా చూడకముందే తెలుసు నాకు. విస్తరి తన్నినోణ్ణి చూసి అన్నం తిన్నావా అంటుందా ఏ ఆడదైనా? నువ్వే కల్పించినావని కోటలోనే తెలుసు. సినిమా కడదాకా చూడనోడివని ఊరంతా చెప్పుకునేదే గదా."

"మరి బస్సులో అట్లా అన్నావే, మంచిపని చేసిందని?"

"ఏదో ఒకటి అనాల గదా. ఆ మాట చెప్పేటప్పుడు నీ గొంతు పూడుకుపోయింది. దానికే వచ్చినా నేను. ఆ పిల్ల కోసం కాదు."

అతని ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ వెంటనే, పాడు బుద్ధి ఎక్కడికి పోతుంది, సినిమా మీదికి పోయింది.

"ఇంతకీ వచ్చిందా లేదా ఆ పిల్ల? పడవలో ఉండాదా?"

"చెప్పను."

"మెహబూబీ!"

"ఆ పిల్ల ఏమైతే నీకేంది? నేనొచ్చినా. వచ్చి ఇంతకాలమైంది." ఎండ్రొయ్య ఒకటి వేళ్ళ మధ్య నలిపేస్తోందని ఆమెకు తెలియలేదు. "ఊళ్ళో ఉండే సినిమాలన్నిటికీ ఏమైందో నీకు కావాల. ఆ రాత్రి మా నాయనకి ఏమైందో, ఎట్లా పోయినాడో, ఎవరిని తలుచుకున్నాడో, ఒక్కసారన్నా అడిగినావా నన్ను?"

దరియావలి గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాడు. నిజమే, అడగలేదు. ఎన్నిసార్లో అడగబోయి, ఏదో ఒక సినిమా కథ ఎత్తుకున్నాడు. ముఖం చెల్లక అనుకున్నాడు తాను. ఆమె ఏమనుకుంటుందో ఎన్నడూ అనుకోలేదు. చెప్పులు విప్పేసి లోపలికొచ్చి, చాప మీద ఆమెకెదురుగా కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు.

నలిగిన రొయ్యను ఆమె చేటలో వేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ రోజు పొద్దున బాగానే ఉన్నాడంట. సేమ్యా అడిగి చేయించుకున్నాడంట, మా అన్న చెప్పినాడు. మధ్యాహ్నం నుంచి వాకిలివైపే చూస్తా ఉన్నాడంట. బస్సు శబ్దమైనప్పుడల్లా, బిడ్డ వచ్చిందేమో చూడండి అనేవాడంట..."

సెంటర్లో సాయంత్రం నెల్లూరు బస్సు హారన్ కొట్టింది. ఒకసారి, రెండోసారి, గట్టిగా మూడోసారి. దరియావలి కాళ్ళు అలవాటుగా ఒకసారి కదిలాయి. మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చెబుతూనే ఉంది. చివరిదాకా విన్నాడు.