రంజాన్ తర్వాత తీసేయాలి

జమ్మలమడుగులో ఒక బడికి కెమెరాలు బిగిస్తూ, నిచ్చెన మీద నిలబడి, నాసిర్ ఒక మాట అన్నాడు. ఆ పూటకు నోరు మూసుకుని ఉండుంటే ఈ గొడవంతా లేదు.

ఫోన్ చేసింది ప్రొద్దుటూరు నుంచి జియావుల్లా. ఆయన రక్తపరీక్షల సెంటర్లో కంప్యూటర్లు చూసేది ఆరేళ్ళుగా నాసిరే. కింద పరీక్షలు చేసేచోట మెయిల్-1 అనే సర్వర్, పైన ఆఫీసులో మెయిల్-2 అనే సర్వర్. కింద పనిచేసే అల్ఫియా అనే పిల్ల రిపోర్టులు పంపితే పైకి వెళ్తాయి, అక్కణ్ణుంచి డాక్టర్లకు వెళ్తాయి.

"నిన్నట్నుంచి ఏ డాక్టరుకూ ఒక్క రిపోర్టు గూడా పోలేదప్పా. పులివెందులలో ఆపరేషన్‌కు పండుకోబెట్టిన మనిషిని లేపి ఇంటికి పంపినారంట. ఇప్పుడు ఒక్కోటి ఫోన్లో చదివి చెప్తాండాం. ఏందిది?"

నిచ్చెన దిగడానికి బద్ధకమై నాసిర్ ఫోన్ అల్ఫియాకే ఇమ్మన్నాడు. మెయిల్-2 పేరు కొట్టి పింగ్ చెయ్యమన్నాడు, అంటే అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూడమని.

"పలుకుతాందన్నా," అంది ఆ పిల్ల.

"అయితే మిషన్లో ఏం లేదు సాబ్," అన్నాడు జియావుల్లాతో. "పాపే పంపడం మర్చిపోయింటాది."

అంతే. తనకేం పోయిందన్నట్టు అనేసి, మళ్ళీ స్క్రూలు బిగించుకున్నాడు మహానుభావుడు.

ఆ పని ముగించుకుని తీరిగ్గా పన్నెండుకు ప్రొద్దుటూరు చేరేసరికి అల్ఫియా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల నాన్న ఖలందర్‌కు జియావుల్లా ఫోన్ చేసి, "నీ మొగం చూసి పనిచ్చినా. నీ కూతురు పని ఎగ్గొట్టి, పంపినానని అబద్ధం చెప్తాంది" అన్నాడట. ఖలందర్‌ది రాజుపాలెంలో వెల్డింగ్ షాపు. ఇంతవరకు ఒకరిచేత మాట పడిన మనిషి కాదు. సాయంత్రం వచ్చి పిల్లను తీసుకుపోతానన్నాడు, ఇక పనీ లేదు గినీ లేదన్నాడు.

"నేను పంపినానన్నా," అంది అల్ఫియా.

నాసిర్ మెయిల్-1 ముందు కూర్చున్నాడు. నలభై ఒక్క రిపోర్టులు బయటికి పోలేక వరుసగా ఇరుక్కుని ఉన్నాయి. ప్రతిదానిమీదా ఆమె పంపిన టైము ఉంది. పిల్ల పంపింది. అవే పోలేదు.

ఇక రూటర్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. ఆదివారం ఇంకో కంపెనీ వాళ్ళు వచ్చి కొత్తది పెట్టి పోయారు. యంత్రాలు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటాయి గానీ, ఆ పేరుగలది ఏ నంబర్లో ఉందో రూటర్ చెప్పాలి. కొత్త రూటర్ వచ్చి అందరి నంబర్లూ మార్చేసింది. మెయిల్-2 ఎక్కడ అని దాన్ని అడిగాడు. యాభైలో అంది, కరెక్టే. తన ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొడితే యాభైకే పోయింది. మెయిల్-1 నుంచి కొడితే ఇరవై ఒకటికి పోయింది. మెయిల్-1 ఆపి లేపాడు, వైరు మార్చాడు, రూటర్ ఆపాడు. పైనుంచి ఎవరో నెట్ పోయిందని కేకేశారు. మళ్ళీ ఇరవై ఒకటే.

"దీని మొగం మండ. అడిగితే సక్కంగా చెప్తాది, పొమ్మంటే యాడికో పోతాది," అని బల్ల మీద ఒక గుద్దు గుద్దాడు. వాళ్ళెవరో రూటర్ వాళ్ళను, వాళ్ళకు పని నేర్పిన వాళ్ళను కూడా వదల్లేదు.

ఆ ఇరవై ఒకటి ఎవరిదో కనుక్కునేసరికి రెండు దాటింది. అది వాకిట్లో గోడకు తగిలించిన, హాజరు వేసే వేలిముద్ర మిషన్‌ది. పొద్దున అల్ఫియా పింగ్ కొడితే పలికింది అదన్నమాట. పలకడం దానికీ వచ్చు, మెయిల్ తీసుకోవడమే రాదు.

ఆఖరికి హోస్ట్స్ ఫైలు తెరిచాడు. రూటర్‌ను అడగకముందే యంత్రం చూసుకునే చీటీ లాంటిది అది. అందులో పేరుంటే ఇక ఎవరినీ అడగదు. మెయిల్-2 ఇరవై ఒకటిలో ఉందని అక్కడ ఒక లైను, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో ముక్క. వెనక నిలబడ్డ అల్ఫియా దాన్ని బయటికే చదివింది.

"టెంపరరీ. రంజాన్ తర్వాత తీసేయాలి. నాసిర్."

రెండేళ్ళ కిందట ఒకనాడు ఇఫ్తార్‌కు పావుగంట ఉందనగా, మెయిల్-2 నంబరు దొరక్క యంత్రం సతాయిస్తుంటే, చేత్తో ఈ లైను రాసి పడేసి మసీదుకు పరిగెత్తాడు. ఆ రంజానూ పోయింది, దాని తర్వాతదీ పోయింది. ఆదివారం కొత్త రూటర్ నంబర్లు మార్చేదాకా మెయిల్-2 నిజంగానే ఇరవై ఒకటిలో ఉంది కాబట్టి ఆ లైను ఎవరికీ గుర్తు రాలేదు.

లైను తీసేశాడు. నలభై ఒకటీ నిమిషంలో పోయాయి.

జియావుల్లా పైనుంచి దిగి వచ్చాడు. "దొరికిందా? ఆ రూటర్ నాయాళ్ళే గదా?"

ఊ అంటే చాలు. మధ్యాహ్నం నుంచీ తను వాళ్ళను తిడుతుంటే సెంటరంతా విన్నది.

"పాప అన్నీ పంపింది సాబ్. తప్పు నాది. ఎప్పుడో నేను రాసిన లైను. పొద్దున చూడకుండా కూసింది గూడా నేనే."

"ఆరేండ్లు నిన్ను నమ్మినా గదప్పా," అని జియావుల్లా పైకి పోయాడు.

నాసిర్ అల్ఫియా వైపు తిరిగాడు. "మనసులో పెట్టుకోవద్దమ్మా."

"నాకు చెప్తే ఏం లాభమన్నా? నేను పంపినట్టు నాకు తెలుసు. పొద్దున నీ మాట మా ఇంటికి పోయింది. ఇది గూడా ఆడికే పోవల్ల." వాళ్ళ నాన్న నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, తన ఫోన్ అతని ముందు పెట్టింది.

అవతల ఖలందర్ ఎత్తాడు, కూతురే అనుకున్నాడు. "బయల్దేరినా. ఎవురితోనూ మాట్లాడాకు. తల వంచుకోని బయటికొచ్చి నిలబడు."

నాసిర్ ఫోన్ దగ్గరికి వంగాడు. అల్ఫియా చూస్తూ నిలబడింది.

"నేను మామా," అన్నాడు, "నాసిర్‌ని."