పాయింట్ మూడు

నేను ఒక పరీక్ష అట్టను. రంపపు పొట్టును జిగురుతో కలిపి, వేడి పలకల మధ్య నొక్కి నన్ను తయారుచేశారు. నెత్తిన ఇనుప క్లిప్పు బిగించారు. మనుషులు ఏళ్ళ తరబడి చదివినదంతా మూడు గంటల్లో నా వీపు మీద దించేసి, ఆ తర్వాత నన్ను బీరువా వెనక పడేస్తారు. దానికి నేను అలవాటుపడ్డాను.

చీరాలలో నన్ను కొన్నది సువర్చల. బీఎస్సీ కెమిస్ట్రీ దాకా నా మీదే రాసింది. చిన్నప్పటి నుంచీ చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది తనే పొడుచుకునేది, పొడుచుకుంటూనే చెల్లెలు హేమకు పాఠం చెప్పేది. హేమ ఎంట్రన్సుకు చదువుతోంది. లాగరిథమ్‌లంటే ఆ పిల్లకు వణుకు.

"లాగ్ పుస్తకం మర్చిపో," అనేది సువర్చల, నా మీద చిత్తుకాగితం పెట్టి. "రెండు ఇంటూ పది పవర్ మైనస్ ఐదు ఇచ్చాడనుకో. ఐదులోంచి పాయింట్ మూడు తీసెయ్. పీహెచ్ నాలుగు పాయింట్ ఏడు. ఆమ్లం పదింతలైతే పీహెచ్ ఒకటి తగ్గుద్ది, రెండింతలైతే పాయింట్ మూడు తగ్గుద్ది. ఇది గుర్తుంటే సగం ఆప్షన్లు చూడగానే కొట్టేయొచ్చు."

"పాయింట్ మూడేనా? అంత చిన్నదా?"

"చూట్టానికే చిన్నది."

పరీక్ష దగ్గరపడ్డాక సువర్చలకు జ్వరం తగిలింది. తిన్నది కడుపులో నిలవడం లేదు. చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోంది. ఎండలకేమో అనుకుంది హేమ. తల్లి నాగరత్నం మాత్రం ఆసుపత్రికి పోదాం పదమని పోరింది.

"దాని పరీక్ష అవనీ అమ్మా," అంది సువర్చల. "ఇప్పుడు నేను మంచం ఎక్కితే అది పుస్తకం ముట్టుకోదు."

పరీక్షలో పీహెచ్ లెక్కలు వచ్చాయి. హేమ కలం ఒక్కచోట కూడా ఆగలేదు. అక్కకు చెప్పాలని నన్ను చంకన పెట్టుకుని పరుగున బయటికొచ్చింది. గేటు దగ్గర పక్కింటాయన నిలబడి ఉన్నాడు. "అక్కని ఒంగోలు ఆసుపత్రికి తీసకపోయారమ్మా, బండెక్కు," అన్నాడు.

ఆసుపత్రి వరండాలో హేమ నన్ను గుండెకు అదుముకుని తల్లి పక్కన కూర్చుంది. తలుపు తెరుచుకుంది. "బ్లడ్ పీహెచ్ సెవెన్ పాయింట్ వన్," అని నర్సుతో అంటూ డాక్టరు హడావిడిగా మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

"ఏడు పాయింట్ ఒకటంట. మామూలుగా ఎంతుండాలే?" అడిగింది నాగరత్నం.

"ఏడు పాయింట్ నాలుగు."

"పాయింట్ మూడేగా తేడా. అంతేగా?"

రక్తంలో ఆమ్లం రెండింతలు. ఎవరూ అడగని ఆ లెక్క హేమ తలలో అప్పటికే అయిపోయింది. ఆమె గోళ్ళు నా అంచులోకి దిగాయి.

"అంతే అమ్మా," అంది.

నాగరత్నం తేలిగ్గా ఊపిరి తీసుకుని, నర్సును బతిమాలి లోపలికి వెళ్ళింది. పొద్దుగుంకే వేళకు సువర్చల పోయింది.

హేమకు సీటొచ్చింది. ఇంట్లో ఎవరూ మిఠాయి పంచలేదు. నన్ను నాగరత్నం ఒళ్ళో పెట్టుకుని, నా మీద జాకెట్లు పరిచి హుక్కులు కుట్టుకునేది. అక్క సంవత్సరీకానికి సెలవు పెట్టి వచ్చిన హేమ, ఆ తంతంతా ముగిశాక, తల్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పా. పాయింట్ మూడంటే..."

"తెలుసే," అంది నాగరత్నం, సూది ఆపకుండా. "అట్ట పట్టుకున్న నీ చేతులు చూశా. నువ్వు అంతే అన్నావు గనక, దాన్నే పట్టుకుని లోపలికెళ్ళా. మీ అక్క జుట్టు చిక్కు తీశా. జడేస్తుంటే కళ్ళు తెరిచి, గట్టిగా లాగకమ్మా అంది. నువ్వు నిజం చెప్పుంటే నేను అక్కడే కూలబడేదాన్ని. ఆ మాట నాకు దక్కేది కాదు."

హేమ జరిగి తల్లి పక్కన చేరి, ఇంకో సూదికి దారం ఎక్కించింది. మిగిలిన హుక్కులు ఇద్దరూ కుట్టారు. నేను వాళ్ళ మోకాళ్ళ మీద, చెరి సగం ఆనుకుని ఉన్నాను.