బీరువా బాబాయ్ వెన్నుబలం

సామాన్లు మోసే ఆయన్ని ఆ వీధిలో అందరూ బీరువా బాబాయ్ అనేవాళ్ళు. బీరువాని వీపున వేసుకుని మేడమెట్లు ఎక్కేసే మనిషి. అలాంటివాడు నడుం పట్టేసి నెలల తరబడి మంచానికి అంటుకుపోయాడు. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు, చెప్పిన వ్యాయామాలన్నీ చేశాడు. కానీ వెన్నుబలం సరిపోతుందని డాక్టరమ్మ రాసిస్తేగానీ లారీ ఎక్కించుకోనని యజమాని తేల్చి చెప్పేశాడు.

డాక్టరమ్మ పద్ధతి ఒకటే. ఇద్దరు వేరువేరుగా కొలవాలి, రెండు అంకెలూ దగ్గరదగ్గరగా రావాలి. లేకపోతే సంతకం పెట్టదు.

సోమవారం ఫిజియోథెరపీ చేసే పొడుగాయన, బలం కొలిచే మీటరు చేత్తో పట్టుకుని కొలిచాడు. అంకె బాగానే వచ్చింది. బుధవారం చిన్నమ్మాయి వంతు. ఫిజియోథెరపీ గదిలో అందరికంటే కొత్తది, అందరికంటే సన్నగా ఉంటుంది కాబట్టి ఆమెకు ఆ పేరు. బాబాయ్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి, తుంటికి బెల్టు బిగించి, వీపు మధ్యన మీటరు రెండు చేతులతో ఆనించి వెనక నిలబడింది.

"వెనక్కి నెట్టండి బాబాయ్. ఇంకా, ఇంకా!"

అంకె సగానికి సగం పడిపోయింది.

"అదేంటి, పొద్దున ఏమీ తినలేదా?" అంది పక్కనున్న పిన్ని, ఆయన భార్య. "నెట్టవయ్యా మహానుభావా! ఇంట్లో నా మీద ఎగరడం కాదు."

"నెట్టానే! ప్రాణం పెట్టి నెట్టాను." బాబాయ్ ముఖం వాడిపోయింది.

పొడుగాయన చిన్నమ్మాయిని పక్కకు పిలిచాడు. "నొప్పొస్తుందని భయపడి సగమే నెడుతున్నాడు. నమ్మడానికి లేదని రాసెయ్. ఇంకో నెల ఆగుతాడు."

నెల అన్న మాట పిన్ని చెవిన పడింది. దగ్గరికి జరిగి ఆయన భుజం మీద చెయ్యేసింది.

చిన్నమ్మాయి కలం తీసింది గానీ రాయలేదు. భయపడేవాళ్ళు ఊపిరి బిగబడతారు, ఆగి ఆగి నెడతారు. ఈయన అలా నెట్టలేదు. పైగా తన మణికట్లు ఇంకా లాగుతున్నాయి. నేల మీద తన చెప్పులు జారిన చారలు కనిపించాయి.

"అన్నయ్యా, ఆయన తగ్గలేదు. నేనే తగ్గాను. ఈ అంకె నా బలానిది."

"అంటే?"

"నేనెంత అడ్డుకుంటే మీటరు అంతే చూపిస్తుంది కదా. బీరువాలు మోసే మనిషిని నేనెక్కడ ఆపుతాను?"

గోడకున్న చెక్కచట్రం ముందుకు స్టూలు జరిపింది. మీటరును చట్రానికే బెల్టుతో బిగించింది. బాబాయ్‌ని కాసేపు కూర్చోనిచ్చింది.

"ఇప్పుడు గోడని నెట్టండి బాబాయ్. అది జారదులెండి."

చట్రం కిర్రుమంది. బాబాయ్ అలుపు తీర్చుకున్నాక, ఆమెకు వచ్చిన అంకె చూడకుండా, పొడుగాయన కూడా అలాగే కొలిచాడు. రెండూ దాదాపు ఒకటే. సోమవారం వచ్చినదానికన్నా పైన!

"అయితే సోమవారం నేనూ..." పొడుగాయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"మీరూ జారారన్నయ్యా. కాకపోతే కాస్త ఆలస్యంగా."

పిన్ని పకపకా నవ్వింది. "ఈయన్ని ఆపాలంటే గోడే కావాలని పెళ్ళిచూపుల్లోనే చెప్పాల్సింది నాకు!"

డాక్టరమ్మ రెండు అంకెలూ చూసి సంతకం పెట్టింది. మొదట్లో పెద్ద బరువులు ఇద్దరు కలిసే ఎత్తాలని కింద రాసింది. బాబాయ్ కాగితం అందుకుని లారీల వైపు దారి తీశాడు.

"ఓ పెద్దమనిషీ!" పిన్ని వెనకే పరుగెత్తింది. "ముందు ఆ చొక్కా గుండీలైనా పెట్టుకో!"