వద్దు అన్న గడిలో టిక్కు

మధ్యాహ్నం పన్నెండింటికి కూతురు షాపుకొచ్చిందంటే ఏదో ఉన్నట్టే. కళ్లజోళ్ల దుకాణంలో దాని పని సాయంత్రం ఆరుదాకా ఉంటుంది. తల్లి కుట్టుమిషను ఆపి, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"ఏంటే ఈ వేళప్పుడు? మీ ఓనరు తరిమేశాడా?"

"నీ రిపోర్టు నా ఫోన్లో ఉందమ్మా."

కూతురు ఫోను తీసి కత్తెర పక్కన పెట్టింది. ఆస్పత్రి నుంచి మెసేజి. జన్యు పరీక్ష ఫలితం వచ్చింది, చూడాలంటే ఈ కోడ్ కొట్టండి అని.

"చూశావా?"

"లేదు."

"ఎప్పుడొచ్చింది?"

"సోమవారం."

ఆ రోజు శుక్రవారం.

పోయినేడాది ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఆమె తల్లి కూడా అదే జబ్బుతో పోయిందని విని, ఇది వంశంలో దిగి వస్తోందేమో చూద్దామని డాక్టరు రక్తం తీయించారు. అప్పుడిచ్చిన కాగితంలో, 'ఫలితాన్ని కుటుంబ సభ్యులకు తెలియజేయవచ్చా?' అన్నచోట ఆమె 'వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టింది, కాగితం చిరిగేంత గట్టిగా. ఆ కిందే ఫోన్ నంబరు అడిగితే, గ్యాసుకీ కరెంటుకీ రాసినట్టే అలవాటుగా కూతురి నంబరు రాసేసింది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది," అంది తల పట్టుకుని.

"దొంగ చేతికి తాళాలిచ్చావు," అని కూతురు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

షాపు మూసి ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. కూతురు వరండాలో బెంచీ మీదే ఉండిపోయింది. లోపల, ఇలాంటి ఫలితాలు విడమరిచి చెప్పే మేడమ్ రిపోర్టు తెరిచి, తొందర లేకుండా చెప్పింది. ఈ జబ్బు ముప్పు పెంచే జన్యు మార్పు ఆమెలో ఉంది. కూతురికి వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు, సగానికి సగం. వచ్చినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు, ముందునుంచే కనిపెట్టుకుని ఉండొచ్చు.

"ఇది మీరు ఎవరికైనా చెబుతారా మేడమ్?"

"మీరు చెప్పమంటేనే. పరిశోధనకి ఇవ్వాలన్నా మిమ్మల్ని అడగాల్సిందే. ఇచ్చినా పేరు తీసేసి ఇస్తాం. తర్వాత మీ మనసు మారితే ఆపేయమనొచ్చు. అప్పటికే వాడేసినదాన్ని మాత్రం వెనక్కి తేలేం."

"మా వీధి ఆడవాళ్ల నడుము కొలతలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఒకళ్లది ఇంకొకళ్లకి చెప్పుంటే ఈపాటికి కొంపలంటుకునేవి. పేరు లేకుండా అయితే ఇవ్వండి, ఎవరికో పనికొస్తుంది."

"మరి మీ అమ్మాయి సంగతి?"

ఆమె బల్ల అంచుని వేలితో రుద్దుతూ కూర్చుంది. "ఈ కొలత నా ఒక్కదానిదే కాదు కదమ్మా. అదీ ఈ తానులో ముక్కే."

"తెలుసుకునే హక్కు తనకుంది. వద్దనుకునే హక్కూ ఉంది. అడిగి చూడండి. ముందు ఈ నంబరు మార్చేద్దాం. మీది చెప్పండి."

ఆమె సంచిలో వెతికింది. ఫోను షాపులోనే ఉండిపోయింది. పదేళ్లుగా వాడుతున్నా, తనకి తాను ఫోన్ చేసుకునే అవసరం ఎన్నడూ పడలేదు.

"నా నంబరు నాకు రాదు. ఉండండి, దాన్నడిగొస్తా."

బయట కూతురు తలెత్తి చూడగానే, మొహం కనపడకుండా ఆమె కిటికీ వైపు తిరిగింది.

"నా నంబరెంతే?"

కూతురు పది అంకెలూ గడగడా చెప్పేసింది. ఆమె ఒక్కటీ వినలేదు.

"అయితే ఇకమీదట నాకు మెసేజులు రావన్నమాట."

"రావు."

"బతికించావు. నాలుగు రోజులుగా ఆ ఫోను నిప్పులా మోశాను."

"మరి చూడాల్సింది. కోడ్ నీ దగ్గరే ఉందిగా. భయమేసిందా?"

"వేసింది. అయినా చూసేసేదాన్నేమో. కానీ నువ్వు టిక్కు పెడుతున్నప్పుడు నీ పక్కనే ఉన్నానమ్మా. వద్దన్నావు."

ఆమె వచ్చి బెంచీ మీద కూలబడింది.

"నీకు తెలియకూడదని కాదే. నావల్లే నీకు వచ్చిందని, రేపు నువ్వు నన్ను చూసే చూపు..."

"ఏ చూపు? నువ్వు అమ్మమ్మని అలా చూశావా?"

"ఛ! ఎందుకు చూస్తాను?"

"మరి? ముక్కు నీది, మొండితనం నీది, పొద్దున్నే లేవలేకపోవడం నీది. వాటికెప్పుడైనా తిట్టానా?"

"పొద్దున్న లేవకపోవడం మీ నాన్నది. నా మీదకి తోయకు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అటుగా వెళ్తున్న నర్సు ఆగి చూసి, తనూ చిన్నగా నవ్వి వెళ్లింది. కూతురు దగ్గరికి జరిగి, భుజానికి భుజం ఆనించింది.

"చెప్పు. ఆవిడ చెబితే వద్దు. నువ్వే చెప్పాలి."

"నిజంగానే అడుగుతున్నావా? విన్నాక విననట్టు ఉండలేవే."

"అడుగుతున్నానమ్మా."

లోపల మేడమ్ పెన్ను పట్టుకుని నంబరు కోసం చూస్తూ ఉంటుంది. చూడనీ, అనుకుంది. రిపోర్టులో ఉన్నది ఒక్క వాక్యం. దాన్నొక్కదాన్నే విడిగా చెప్పడం ఆమెకి చేతకాలేదు. కూతురి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"మీ అమ్మమ్మ దగ్గర్నుంచి చెప్పుకురావాలే," అంది.